సమాన పనికి సమాన వేతనం: పురపాలక కార్మికుల హక్కుకు షరతులేమిటి?

ఒకే వీధిని ఇద్దరు ఊడుస్తారు. ఒకరు పురపాలక సంఘంలో శాశ్వత ఉద్యోగి, మరొకరు తాత్కాలిక కార్మికుడు. పని వేళలు ఒకటే, అజమాయిషీ చేసే మేస్త్రీ ఒకరే. వేతనం మాత్రం వేరు. ఈ వ్యత్యాసాన్ని ప్రశ్నిస్తూ దేశవ్యాప్తంగా స్థానిక సంస్థల కార్మికులు న్యాయస్థానాలను ఆశ్రయిస్తున్నారు.

స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతనం లభించేలా ప్రభుత్వ విధానం ఉండాలని రాజ్యాంగంలోని 39(డి) అధికరణం నిర్దేశిస్తోంది. ఇది ఆదేశిక సూత్రం. నేరుగా కోర్టు ద్వారా అమలు కోరే వీలు లేదు. అయితే ఢిల్లీ పోలీసు శాఖకు చెందిన ఒక డ్రైవరు వేసిన రణధీర్ సింగ్ కేసులో, 1982లో సుప్రీంకోర్టు దానిని సమానత్వానికి సంబంధించిన 14, 16 అధికరణాలతో కలిపి అన్వయించింది. ఆ తీర్పుతో సూత్రం హక్కుకు చేరువైంది.

నేటి వివాదాలకు ప్రధాన ఆధారం 2016 అక్టోబరు 26న వెలువడిన జగ్‌జీత్ సింగ్ తీర్పు. శాశ్వత ఉద్యోగులు చేసే పనినే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగులకు, ఆ పోస్టు స్కేలులోని కనీస వేతనం చెల్లించాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఉద్యోగ క్రమబద్ధీకరణ వేరే అంశం. దానిపై 2006 నాటి ఉమాదేవి తీర్పు కఠినమైన పరిమితులు విధించింది.

అసలు చిక్కు రుజువు దగ్గర వస్తుంది. పని సమానమని నిరూపించవలసిన భారం కార్మికుడిదే. హోదా పేరు ఒకటైనంత మాత్రాన చాలదు. విధుల స్వభావం, బాధ్యత కూడా సరిపోలాలి. హాజరు పట్టీలు, పని కేటాయింపు ఉత్తర్వులు మాత్రం కార్యాలయం బీరువాలో ఉంటాయి! ఆలస్యమూ నష్టమే. గెలిచినా, వేతన బకాయిలను సాధారణంగా కేసు వేయడానికి ముందున్న మూడేళ్లకే న్యాయస్థానాలు పరిమితం చేస్తున్నాయి.

మధ్యలో కాంట్రాక్టరు ఉంటే మరో ప్రశ్న ముందుకొస్తుంది: యజమాని ఎవరు? ముంబయిలో సుమారు 2,700 మంది పారిశుద్ధ్య కార్మికుల విషయంలో ఆ కాంట్రాక్టు బూటకమని పారిశ్రామిక ట్రిబ్యునల్ తేల్చింది. 2017లో సుప్రీంకోర్టు వారి పక్షాన నిలిచింది. గాజియాబాద్ నగరపాలక సంస్థ తోటమాలులను 2005లో తొలగించారు. వారిని కాంట్రాక్టరు ద్వారా తీసుకున్నామన్న వాదనకు సంస్థ తగిన ఆధారాలు చూపలేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు పేర్కొంది. వారిని తిరిగి విధుల్లోకి తీసుకుని, సగం వెనుకటి వేతనం చెల్లించాలని ఆదేశించింది. తొలగింపుకూ ఆ తీర్పుకూ మధ్య దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక కార్మికులు ఇదే డిమాండుతో 2023 డిసెంబరు 26 నుంచి సమ్మె చేశారు. అప్పటివరకు 15,000 రూపాయల వేతనానికి 6,000 రూపాయల ఆరోగ్య భత్యం కలిపి ఇచ్చేవారు. మరుసటి నెలలో చర్చలు ముగిశాక వేతనాన్నే 21,000 రూపాయలుగా నిర్ణయించేందుకు ప్రభుత్వం అంగీకరించింది. శాశ్వత ఉద్యోగుల స్కేలుతో సమానత్వం ఆ ఒప్పందంతో రాలేదు.