చివరి పీరియడ్‌లో వచ్చే నోటీసు

మన హైస్కూళ్లలో విద్యార్థి చాలాకాలం వినడానికే ఉండేవాడు. మద్రాసు రాజధాని నాటి బోర్డు హైస్కూళ్లలో హెడ్మాస్టరు గారి మాట నోటీసు పుస్తకంగా మారి, బంట్రోతు చంకనెక్కి తరగతి తరగతికీ తిరిగేది. మేష్టారు పాఠం ఆపి చదివేవారు, కింద సంతకం పెట్టేవారు. సెలవు కబురా, ఫీజు గడువా అన్నది పిల్లలు ఆయన ముఖంలోనే వెతుక్కునేవారు. తరాలు మారినా చాలాకాలం ఈ పద్ధతి మారలేదు.

విద్యార్థి తనంతట తాను గొంతెత్తితే ఏమయ్యేదో కాలేజీల చరిత్ర చెబుతుంది. 1907లో వందేమాతరం ఉద్యమానికి రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ ఇచ్చిన జవాబు బహిష్కరణ. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు అక్కడ ఆగింది. 1938లో నిజాం రాజ్యంలోనూ అదే పాట పాడినందుకు ఉస్మానియా విద్యార్థుల్ని వెళ్లగొడితే, పి.వి. నరసింహారావు లాంటివారు నాగపూర్ వెళ్లి చదువుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక పొద్దుటి అసెంబ్లీ పిల్లల చేతికి కొంత వచ్చింది. అక్కడ రోజూ వినిపించే ప్రతిజ్ఞ తెలుగులో పుట్టిందని చాలామంది తెలుగువాళ్లకే తెలియదు. నల్లగొండ దగ్గరి అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా, చైనా యుద్ధం నాటి 1962లో దాన్ని రాశారు. రాజకీయ నాయకుడు తెన్నేటి విశ్వనాథం ద్వారా అది విద్యామంత్రి పి.వి.జి. రాజుకు చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బళ్లలో చెప్పించడం మొదలైంది. కోట్లమంది చేయి చాచి పలికిన ఆ మాటల కింద పాఠ్యపుస్తకాలు చాలా ఏళ్లు ఆయన పేరే వేయలేదు. నోటీసు పుస్తకంలో ప్రతి పంక్తికీ సంతకం అడిగే వ్యవస్థకు ఈ ఒక్క సంతకం గుర్తురాకపోవడం విడ్డూరమే.

ఉపాధ్యాయ దినోత్సవం కూడా 1962లోనే మొదలైంది. ఆ రోజున స్వపరిపాలన పేరుతో పదో తరగతి అమ్మాయి చీర కట్టుకుని హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుంటుంది, సర్క్యులర్ రాసి సంతకం పెడుతుంది. ఒక్క పూట ఏలుబడే గాని, నోటీసు రాయడం ఎంత కష్టమో అప్పుడే తెలిసేది. అసెంబ్లీలో నేటి వార్తలు, మంచి మాట చదివే వంతులు మాత్రం ఏడాది పొడుగునా ఉంటాయి. చాలామందికి మైకు పరిచయం అక్కడే.

హైస్కూలు ప్రకటనలన్నిటిలోకీ పెద్దది పరీక్ష ఫలితం. అది బడి నుంచి కాక దినపత్రిక నుంచి వచ్చేది. తెల్లవారుజామున బస్టాండులో పేపరు కట్ట విప్పేవాడి చుట్టూ మూగి, వరుసల్లో తన నంబరు వెతుక్కోవాలి. నంబరు లేదంటే తప్పినట్టే. 2012లో పదో తరగతికి మార్కుల బదులు గ్రేడ్లు తెచ్చారు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ మళ్లీ మార్కుల దారే పట్టాయి.

ఇప్పుడు ఫలితమూ నోటీసూ రెండూ ఫోన్లోకే వస్తున్నాయి. తరగతికో వాట్సాప్ గ్రూపు. వానకు రేపు సెలవని పిల్లవాడి కంటే ముందు వాళ్లమ్మకు తెలుస్తోంది. ఒకప్పుడు బడికీ ఇంటికీ మధ్య వార్తాహరుడు పిల్లవాడే. ఏ కబురు ఎప్పుడు చెప్పాలో, ఏ ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం ఏ వేళ అడగాలో వాడే లెక్క వేసుకునేవాడు. ఆ కొలువు ఊడిపోయింది. ఇకమీదట ఫీజు నోటీసును సంచి అడుగున నాలుగు రోజులు దాచే వీలు లేదు.