విరామానికి కొలత: బనూ మూసా నుండి అల్ జజరీ వరకు

మనిషి చేయి తగలకుండా తనంతట తాను పనిచేసే యంత్రం అనగానే, అది ఎలా కదులుతుందన్న ప్రశ్నే ముందుగా తడుతుంది. అది ఎప్పుడు ఆగాలి, ఎంతసేపు ఆగాలి, మళ్ళీ ఎప్పుడు మొదలు కావాలి అన్న ప్రశ్నలు అంతకన్నా కష్టమైనవి. ఈనాటి కర్మాగారాలలో ఒక పనికీ మరొక పనికీ మధ్య కావలసిన వ్యవధిని టైమర్లు, కంప్యూటర్లు చూసుకుంటున్నాయి. విద్యుత్తు లేని కాలంలో ఇదే సమస్యను నీటితో, బరువుతో, సన్నని రంధ్రంతో పరిష్కరించిన వారిలో ఇద్దరి పేర్లు ఇస్లామీయ విజ్ఞాన చరిత్రలో ప్రముఖంగా వినిపిస్తాయి. ఒకటి నిజానికి ముగ్గురు సోదరుల పేరు.

మూసా ఇబ్ను షాకిర్ కుమారులైన ముహమ్మద్, అహ్మద్, హసన్‌లను చరిత్ర 'బనూ మూసా' అని పిలుస్తుంది. ఖలీఫా మామూన్ (813-833) ఆదరణలో పెరిగిన ఈ సోదరులు బగ్దాదులో సుమారు 850 ప్రాంతంలో 'కితాబుల్ హియల్' అనే గ్రంథం రచించారు. అందులో దాదాపు 100 ఉపకరణాల వర్ణన ఉంది. నీరు చిమ్మే ఆకారాన్ని మార్చుకునే ఫౌంటెన్లు వాటిలో కొన్ని. గాలికో నీటికో తిరిగే రెక్కల చక్రం ఈ మార్పును జరిపేది. చక్రం ఒకసారి తిరిగితే ఫౌంటెన్ రూపం ఒకసారి మారేది.

మూడున్నర శతాబ్దాల తరువాత దియార్‌బకర్‌లో అర్తుఖీ రాజుల కొలువులో ఉన్న ఇస్మాయీల్ ఇబ్ను రజ్జాజ్ అల్ జజరీ ఈ ఏర్పాటును పరిశీలించాడు. రాజు నాసిరుద్దీన్ మహమూద్ కోరిక మేరకు రచించిన గ్రంథాన్ని ఆయన హి. 602 (క్రీ.శ. 1206)లో ముగించాడు. అందులో 50 యంత్రాల నిర్మాణాన్ని వివరించాడు. బనూ మూసాను గౌరవంతో స్మరించి, వారిపై అల్లాహ్ కారుణ్యాన్ని కోరుతూనే, తాను వారి పద్ధతిని అనుసరించలేదని స్పష్టంగా చెప్పాడు. చక్రం ఒక్క చుట్టులోనే రూపం మారిపోతే, ఆ మార్పు చూపరుల కంటికి పూర్తిగా ఆనేంత వ్యవధి ఉండదన్నది ఆయన అభ్యంతరం. యంత్రం కదలడంలో లోపం లేదు, అది ఆగే వ్యవధిలోనే లోపం ఉందని ఆయన గుర్తించాడు.

ఇందుకు ఆయన ఎంచుకున్న సాధనం ఒరిగే పాత్ర. ప్రధాన కాలువ నీరు ఒక తొట్టిలోకి పారుతూ ఫౌంటెన్‌ను నడుపుతుండగా, సన్నని గొట్టం ద్వారా కొద్ది కొద్దిగా నీరు ఈ పాత్రలో పడుతుంది. పాత్ర నిండగానే బరువు తప్పి బోర్లపడుతుంది. ఆ ఊపుతో ప్రధాన గొట్టం రెండవ వైపుకు ఒరుగుతుంది, ఫౌంటెన్ రూపం మారుతుంది. ఖాళీ అయిన పాత్ర మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. అటువైపు పాత్ర నిండేదాకా ఆ రూపం నిలిచి ఉంటుంది. వ్యవధి పెరగాలంటే రంధ్రం సన్నగా ఉంటే చాలు. నీరు ఏ క్షణమూ ఆగదు. ఆగినట్లు కనిపించే ఆ వ్యవధిలోనే తరువాతి మార్పు సిద్ధమవుతూ ఉంటుంది.

ఆయన ఏనుగు గడియారంలో ఈ పని అడుగున రంధ్రం ఉన్న గిన్నె చేస్తుంది. ఏనుగు కడుపులోని నీటిపై తేలే ఆ గిన్నె నెమ్మదిగా నిండి అరగంటకు మునుగుతుంది. మునిగేటప్పుడు తాడును లాగి ఒక గుండును వదులుతుంది. గుండు సర్పం నోట పడి దానిని కిందికి వంచుతుంది. ఆ కదలికతోనే గిన్నె తిరిగి పైకి లేస్తుంది. మునిగే గిన్నెతో కాలాన్ని కొలవడం భారతదేశంలో చిరకాలంగా ఉన్న పద్ధతి. తెలుగువారు ముహూర్తం చూసేందుకు వాడిన గడియకుడుక ఆ కోవలోనిదే. గడియకుడుక మునిగిందని మనిషి కనిపెట్టి చూసి, మళ్ళీ నీటిపై పెట్టవలసి వచ్చేది. ఆ కాపలా పనిని కూడా అల్ జజరీ యంత్రానికే అప్పగించాడు.

కోట గడియారం విషయంలో సమస్య మరింత జటిలం. ఆ రోజులలో పగటిని ఏ ఋతువులోనైనా 12 భాగాలుగానే లెక్కించేవారు. కనుక వేసవి గంట దీర్ఘం, శీతకాలపు గంట హ్రస్వం. విరామం నిడివి రోజురోజుకూ మారాలి. పూర్వుల నుండి వచ్చిన నీటి నియంత్రకాలను అల్ జజరీ పరీక్షించి చూశాడు. అవి సరితూగకపోవడంతో ప్రయోగాలు చేసి సొంతంగా మరొకటి నిర్మించాడు.

అన్ని విరామాలనూ కాలంతోనే కొలవనక్కరలేదు. చేతులు కడుక్కునేందుకు చేసిన నెమలి పాత్రలో వాడిన నీరు కింది తొట్టిలో చేరుతుంది. అది ఒక మట్టానికి రాగానే లోపలి తేలుడు బిరడా లేచి, చేతులు తోముకునే పొడితో ఒక సేవకుని బొమ్మ బయటకు వస్తుంది. నీరు మరికొంత పెరిగాక తువాలుతో రెండవ బొమ్మ వస్తుంది. ఇక్కడ విరామాన్ని నిర్ణయించేది గంట కాదు, పని ఎంతవరకు వచ్చిందన్న సంగతి. తన వుజూకు సేవకులు చేతులపై నీరు పోయడం రాజుకు ఇష్టం లేకపోయిందనీ, అందుకే ఒక ఉపకరణం చేయమన్నాడనీ అల్ జజరీ రాసుకున్నాడు.

వీటిని రాజుల వినోదపు బొమ్మలని తీసిపారేసేవారు ఉన్నారు. నేటి కంప్యూటర్లు నేరుగా వీటి నుండే పుట్టాయని చెప్పుకునేవారూ ఉన్నారు. మొదటి మాట వాటిలోని ఆలోచనను చూడదు, రెండవది చరిత్రను దాటి పోతుంది. పూర్వుల పనిని గౌరవించడం, దానిని ప్రయోగంతో పరీక్షించడం, లోటు కనిపిస్తే దాచకుండా చెప్పి సరిదిద్దడం — ఈ మూడూ అల్ జజరీ గ్రంథంలో ఒకేచోట కనిపిస్తాయి. ఆ వారసత్వాన్ని పొగడడం సులభం. దానికి అర్హులం కావాలంటే ఆయన బనూ మూసాను చదివిన తీరులోనే మనం ఆయననూ చదవాలి.