కార్మిక విద్యలో కూలోళ్ళు ఎక్కడ?

కార్మిక విద్య చరిత్రను 1903తో మొదలు పెట్టడం అలవాటు. ఆ ఏడాది ఇంగ్లండులో సహకార సంఘ గుమాస్తాగా పనిచేసిన ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్, ఆయన భార్య ఫ్రాన్సెస్ కలిసి కార్మిక విద్యా సంఘం పెట్టారు. 1912లో స్వీడన్‌లోనూ ఒకటి ఏర్పడింది. 1922లో బ్రస్సెల్స్‌లో, 1924లో ఆక్స్‌ఫర్డ్‌లో సదస్సులు జరిగాయి. యుద్ధం ముగిశాక 1947లో కార్మిక విద్యా సంఘాల అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది. ఇదంతా నిజమే. మేం అడిగేది ఒక్కటే: ఇందులో కార్మికుడంటే ఎవరు? కృష్ణా డెల్టాలో వరి కోసే మాల మాదిగ కూలోళ్ళు ఆ మాట కిందికి వచ్చారా?

1917 నవంబరులో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో సభ జరిగింది. అక్కడే పంచములమన్న పేరును తోసేసి ఆది ఆంధ్రులమన్నారు. తమ వాడల్లో బళ్ళు కావాలి, బావులు కావాలి అన్నారు. మన చరిత్ర పుస్తకాలు దీన్ని సంఘ సంస్కరణ కింద రాసి వదిలేస్తాయి. మా లెక్కలో ఇది కార్మిక విద్య చరిత్రే. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక మాగాణి అయిన డెల్టాలో నడుం వంగిపోయేలా నాట్లేసినవాళ్ళూ, చదువు కావాలని అడిగినవాళ్ళూ వేరువేరు మనుషులు కారు కదా!

పాలేరు సంగతి చూడండి. తెల్లారకముందే పశువుల పాక, పగలంతా పొలం, రాత్రి మళ్ళీ కుడితి, మేత. జీతం ధాన్యంగా కొలిచేవాళ్ళు. కొలిచేదీ వాళ్ళే, లెక్క రాసేదీ వాళ్ళే. నాలుగు అంకెలు వస్తే పాలేరు లెక్క అడుగుతాడు. పల్లెలో రాత్రిబడి అంటే అగ్రకుల ఆసాములకు ఎందుకు కంటగింపో వేరే చెప్పాలా? మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మేమే, ఈ మాట పుస్తకాల్లో చూసి నేర్చుకున్నది కాదు.

1930లలో ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. 1937లో ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో ఆర్థిక రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది. ఆ సాహసాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. అయితే 'రైతు' అన్న మాట కింద భూమి ఉన్నవాడినీ, ఆ భూమిలో కూలికి వెళ్ళేవాడినీ ఒకే గాటన కట్టారు. కూలి రేటు దగ్గరికొచ్చేసరికి వాళ్ళిద్దరూ ఎదురెదురే. పుచ్చలపల్లి సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడులో కూలీలకే రాత్రిబడి పెట్టారు. ఆ దారి వేరు.

చట్టాల సంగతీ అంతే. వ్యవసాయ కూలీలకు కూడా సంఘం పెట్టుకునే హక్కు ఉందన్న 1921 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను ఇండియా 1923లోనే ఒప్పుకుంది. ఒప్పుకుని కాగితాల్లో ఉంచింది. 1958లో కేంద్ర కార్మిక విద్యా మండలి ఏర్పడితే, దాని పాఠాలు ఫ్యాక్టరీ కార్మికులతో మొదలయ్యాయి. గ్రామీణ కార్మికుల కార్యక్రమం 1977-78 దాకా రాలేదు. అప్పటికి ఒక తరం పాలేర్లు ముసలోళ్ళయిపోయారు. గ్రామీణ కార్మికుల సంఘాలపై వచ్చిన 1975 ఒడంబడికను ఇండియా 1977లో ఆమోదించింది. అందులో గ్రామీణ కార్మికుడంటే కూలి ఒక్కడే కాదు, కౌలుదారూ, చిన్న కమతం సొంతదారూ కూడా. నిడుబ్రోలు నాటి చిక్కే జెనీవా చుట్టి మళ్ళీ వచ్చింది.

అంతర్జాతీయ సమాఖ్య కార్యాలయం ఇప్పుడు దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్‌లో ఉంది. జాతి ప్రశ్నను పక్కన పెట్టి ఆ దేశంలో కార్మికులకు పాఠం చెప్పడం సాధ్యం కాదు. ఇక్కడ మాత్రం కులాన్ని పక్కన పెట్టే చెప్పారు.

పటమట 1985లో విజయవాడ నగరంలో కలిసింది. పక్కనే ఆటోనగర్. షెడ్డులో చేరిన కుర్రాడు ముందు స్పానర్ల నెంబర్లు నేర్చుకుంటాడు, తర్వాత మేస్త్రీ చేతిని చూసి ఇంజను విప్పుతాడు. ఏళ్ళు గడిచినా చేతిలో కాగితం ముక్క ఉండదు. స్వీడన్ సంఘం నడిపిన అధ్యయన బృందాల్లో ఉపన్యాసం ఉండదు, పదిమంది గుండ్రంగా కూర్చుని తమ పని గురించే మొదలు పెడతారు. షెడ్డులో అలా కూర్చుంటే మేస్త్రీ ఎవరు, హెల్పర్ ఎవరు, ఎవరి పిల్లలు హెల్పర్లుగానే మిగిలిపోతున్నారు అన్న మాట తప్పకుండా వస్తుంది. ఏ మండలి పాఠంలోనూ చోటు దొరకని ప్రశ్న అది.