నిజాంసాగరము నేర్పిన లెక్క

గ్రామాభ్యుదయమునకై తలపెట్టు పనులను రెండుసార్లు పరీక్షింపవలెను: పనికి ముందొకసారి, ఫలము చేతికి వచ్చిన పిదప మరియొకసారి. మొదటి పరీక్ష ప్రణాళిక, రెండవది మూల్యాంకనము. ఈ రెండింటి చరిత్ర తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలే చాలును.

మంజీరానదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ నిజాంసాగరము నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. సుమారు 2,75,000 ఎకరములకు నీరు పారింపవలెనని సంకల్పము. రాతిని, సున్నమును, నీటిని శ్రద్ధగానే లెక్కించిరి. కాని నీరు పల్లమెరుగును. కాలువ బాన్సువాడ, బోధన్, నిజామాబాదుల వైపు సాగినది. మెట్టననున్న కామారెడ్డి పల్లెలు చెరువులను, బావులనే నమ్ముకొని మిగిలినవి. ఆయకట్టులో సయితము మాగాణి సేద్యమున ఆరితేరిన కోస్తా రైతులు పలువురు వచ్చి, క్యాంపులను పేర క్రొత్త ఊళ్లు కట్టుకొనిరి. నీరు వచ్చినంతమాత్రమున సేద్యము మారదు. జొన్న పండించిన రైతు వరి పండింపవలెనన్నచో పెట్టుబడియు, పశువులును, అనుభవమును కావలెను. ఆ లెక్క ముందుగా వేసినవారు తక్కువ.

1952 అక్టోబరు 2న దేశమంతట 55 సమాజవికాస ప్రాజెక్టులు ప్రారంభమైనవి. అందు నిజాంసాగరము ప్రాంతము ఒకటి. ఒక్కొక్క ప్రాజెక్టునకు సుమారు 300 గ్రామములు, 2,00,000 జనము; ఐదు పది గ్రామములకొక గ్రామసేవకుడు. ఈ పర్యాయమొక విశేషము జరిగినది. పనిచేయు శాఖయే తన పనిని తాను మెచ్చుకొనకుండ, ప్రణాళికాసంఘము క్రింద వేరుగా మూల్యాంకనసంస్థ నొకదానిని అదే సంవత్సరమున నెలకొల్పిరి. బడులెన్ని, బావులెన్ని అని మాత్రమేగాక, అవి ఎవరికందినవి, ప్రజలు వానిని తమవిగా తలచిరా అని ఆ సంస్థ ప్రశ్నించినది. వచ్చిన సమాధానము ఇంపైనది కాదు. ఫలము కలిగిన రైతులకే ఎక్కువగా చేరినది. ప్రజలింకను ప్రభుత్వము వైపే చూచుచుండిరి. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘమును ఈ లోపమునే ఎత్తిచూపి, అధికారమును ఎన్నికైన స్థానిక సంస్థలకీయవలెనన్నది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వెలసినవి. ఒక పనిలోని లోపమును దాచక చెప్పుటవలన కలిగిన మేలిది.

నిజాంసాగరమునకు మరియొక లెక్క మిగిలినది. 1970వ దశకమునాటికే పూడికవలన దాని నిల్వశక్తి సగమునకు మించి తగ్గిపోయినది. తరువాత ఎగువన సింగూరు జలాశయము నిర్మితమై, మంజీర నీరు హైదరాబాదు దాహమునకు మళ్లినది. కావున మూల్యాంకనము ప్రారంభోత్సవపు మరునాటితో ముగియునది కాదు. నలువదేండ్ల తరువాత సయితము చేయవలసినదే.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు నిజాంసాగరము అందులో చేరినది. అక్కడ రేపు ఏ పథకము వచ్చినను మనమడుగవలసిన ప్రశ్న ఒకటే. తడిసిన పొలమెవరిది, ఎండిన పొలమెవరిది, జలాశయమున మునిగిన పొలమెవరిది? ఈ మూడింటిని ఒకే పుటలో వ్రాసినప్పుడే లెక్క సరియగును.