అదృశ్య విమానం – ప్రజల ఊహాగానాలు: ఎం.హెచ్.370 ఉదంతం, చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయలుదేరి అదృశ్యమైన మలేసియా ఎయిర్‌లైన్స్ విమానం ఎం.హెచ్.370 గురించి వెల్లువెత్తిన ఊహాగానాలను చరిత్ర రచనకు పనికివచ్చే ఆధారసామగ్రిగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏ ఊహ ఎప్పుడు పుట్టిందో, ఆనాటికి అధికారులు ఏం చెప్పి ఉన్నారో పక్కపక్కన ఉంచి చూస్తే, వదంతులకు ముడిసరుకు చాలావరకు అధికారిక ప్రకటనల నుంచే అందినట్లు తెలుస్తుంది. బాధిత కుటుంబాల అపనమ్మకాన్ని ఈ వదంతులతో ఒకే గాటన కట్టడం సరికాదని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎం.హెచ్.370, వదంతి, ఊహాగానం, అధికారిక ప్రకటన, ఉపగ్రహ సంకేతాలు, బాధిత కుటుంబాలు.

ఉపోద్ఘాతం

విమానం కూలితే శిథిలాలు దొరుకుతాయి, శిథిలాలు దొరికితే కారణం తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకాల నాటికి ఈ నమ్మకం లోకసామాన్యమైంది. భద్రత విషయంలో మంచి పేరున్న బోయింగ్ 777 విమానం 227 మంది ప్రయాణికులతో, 12 మంది సిబ్బందితో ఆనవాలు లేకుండా పోవడం ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. ప్రయాణికుల్లో సగానికి పైగా చైనీయులు. ఐదుగురు భారతీయులు.

జరిగిన దానిలో నేటికి స్థిరపడిన భాగాన్ని కొద్ది మాటల్లో చెప్పవచ్చు. మలేసియా కాలమానం ప్రకారం విమానం అర్ధరాత్రి దాటాక 12:42కు గాలిలోకి లేచింది. 1:19కి పైలట్ల గది నుంచి చివరి మాట వినిపించింది. రెండు నిమిషాల తర్వాత, మలేసియా నియంత్రణ నుంచి వియత్నాం నియంత్రణలోకి మారవలసిన చోట, ట్రాన్స్‌పాండర్ సంకేతాలు ఆగిపోయాయి. అక్కడి నుంచి విమానం వెనుదిరిగి, మలయా ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి, మలక్కా జలసంధి మీదుగా వాయవ్య దిశగా సాగింది. 2:22 వరకు సైనిక రాడార్ దానిని నమోదు చేసింది. ఆ తర్వాత మిగిలినవి ఇన్మార్‌శాట్ ఉపగ్రహంతో విమానంలోని పరికరం సుమారు గంటకొకసారి జరిపిన పలకరింపులే. వాటిలో చివరిది ఉదయం 8:19 నాటిది.

ఒకే పేరాలో ఇమిడిన ఈ వివరాలు లోకానికి ఈ వరుసలో అందలేదు. తలకిందులుగా, తునకలు తునకలుగా, వారాల తరబడి, పదేపదే సవరణలతో అందాయి. ఊహాగానాల చరిత్రను ఈ క్రమం నుంచి విడదీసి చదివితే అది కేవలం జనం వెర్రి చేష్టల పట్టికగా మిగులుతుంది. ఈ విషయంపై వెలువడిన రచనల్లో అధికభాగం అలాంటి పట్టికలే.

మొదటి వారం: సవరణల పరంపర

విమానంతో సంబంధం తెగిపోయిన సమయం తెల్లవారుజాము 2:40 అని సంస్థ తొలి ప్రకటన చెప్పింది. తర్వాత అది సుమారు 1:30 అయింది. గంటకు పైగా తేడా. బోయింగ్ 777కు అది సుమారు 900 కిలోమీటర్ల దూరంతో సమానం. ప్రయాణికుల్లో ఇద్దరు దొంగిలించిన ఐరోపా పాస్‌పోర్టులతో ఎక్కారని వెల్లడి కాగానే ఉగ్రవాద చర్య అనే వాదన బలపడింది. వారు ఇరానీయులని, ఉగ్రవాదులుగా కనిపించడం లేదని మార్చి 11న ఇంటర్‌పోల్ అధిపతి ప్రకటించినా, అప్పటికే ఆ వాదన వేళ్లూనుకుంది. వియత్నాం తీరంలో కనిపించిన చమురు తెట్టు విమానానిది కాదని తేలింది. దక్షిణ చైనా సముద్రంలో మూడు పెద్ద వస్తువులు తేలుతున్నట్లు చూపే చైనా ఉపగ్రహ చిత్రాలు మార్చి 12న బయటికి వచ్చాయి. మర్నాడు అక్కడ ఏమీ దొరకలేదు.

ఇవన్నీ సాధారణ తొట్రుపాట్లు అనుకోవచ్చు. సైనిక రాడార్ విషయం వేరు. విమానం వెనుదిరిగి ఉండవచ్చని రెండో రోజే సూచించి, మలక్కా జలసంధిలోనూ గాలింపు మొదలుపెట్టిన అధికారులు అందుకు కారణం స్పష్టంగా చెప్పలేదు. తూర్పున కనిపించకుండా పోయిన విమానాన్ని పడమట వెతకడం చూసిన సామాన్యుడికి, వీరికి తెలిసినది ఏదో దాస్తున్నారు అనిపించడంలో తప్పేముంది? నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను సాధారణంగా వదంతికి వత్తాసుగా వాడతారు. ఇక్కడ మాత్రం నిప్పు నిజంగానే ఉంది. రాడార్ ఆధారం ఉందని కొన్ని రోజుల తర్వాత ఒప్పుకున్నారు.

మార్చి 16న మరో పొరపాటు దొర్లింది. విమానపు స్థితిగతులను నేలకు చేరవేసే వ్యవస్థను చివరి మాటకు ముందే ఆపివేశారని మలేసియా మంత్రి చెప్పారు. అంటే శుభరాత్రి చెప్పిన గొంతు అప్పటికే మోసం చేస్తున్నదని అర్థం. మర్నాడు విమాన సంస్థ దానిని సవరించింది. ఆ వ్యవస్థ చివరిసారి పనిచేసింది 1:07కు, తర్వాతి సందేశం రావలసింది 1:37కు. ఈ అరగంటలో ఎప్పుడైనా అది ఆగి ఉండవచ్చు. చివరి మాటల పాఠం కూడా తొలుత ఒక రకంగా ప్రచారమై, నెలాఖరులో మరో రకంగా అధికారికంగా వెలువడింది. ఒక మనిషి మీద సామూహిక హత్యానేరం మోపే వాదనకు ‘ముందే’ అన్న ఒక్క మాట పునాది అయింది. సవరణ వచ్చాక కూడా ఆ వాదన తిరిగి సడలలేదు.

రెండు చాపాలు, అనేక గమ్యాలు

మార్చి 15న ప్రధానమంత్రి నజీబ్ రజాక్ చేసిన ప్రకటన ఊహాగానాల చరిత్రలో మలుపు. విమానంలోని వ్యక్తి ఎవరో ఉద్దేశపూర్వకంగా దారి మళ్లించినట్లు కనిపిస్తోందని, చివరి సంకేతం వచ్చిన చోటు రెండు చాపాల్లో ఒకదాని మీద ఉంటుందని ఆయన చెప్పారు. ఉత్తర చాపం థాయిలాండ్ ఉత్తర ప్రాంతం నుంచి కజకస్తాన్ – తుర్క్‌మెనిస్తాన్ సరిహద్దుల వరకు సాగుతుంది. దక్షిణ చాపం ఇండోనేసియా నుంచి దక్షిణ హిందూ మహాసముద్రంలోకి పోతుంది.

చాపాలు ఎందుకు వచ్చాయో అప్పుడు విడమరచి చెప్పి ఉంటే బాగుండేది. ఉపగ్రహం పంపిన సంకేతానికి జవాబు తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి విమానం ఉపగ్రహానికి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది, ఏ దిక్కున ఉందో తెలియదు. అందువల్ల భూమి మీద ఒక వలయం ఏర్పడుతుంది. విమానం చేరలేని భాగాలను తీసివేస్తే మిగిలినవి ఆ చాపాలు. ఈ వివరణ లేకుండా పటం మాత్రం చూసిన జనానికి అవి రెండు రహదారులుగా కనిపించాయి. ఉత్తరపు దారి వెంట మధ్య ఆసియా విమానాశ్రయాలు వెలిశాయి. చాపం మీద లేని డియెగో గార్సియాలోని అమెరికా స్థావరం కూడా పటంలోకి వచ్చి చేరింది. మార్చి 18న శ్వేతసౌధం ప్రతినిధి ఆ వాదనను తోసిపుచ్చవలసి వచ్చింది.

అదే సమయంలో మాల్దీవుల్లోని కుడా హువాదూ ద్వీపవాసులు 8వ తేదీ ఉదయం 6:15కు తక్కువ ఎత్తులో పెద్ద విమానాన్ని చూశామని చెప్పారు. మలేసియా కాలమానంలో అది 9:15. చివరి ఉపగ్రహ పలకరింపు జరిగి, ఇంధనం అయిపోయిందని భావించే సమయం దాటి దాదాపు గంట. ఆ ద్వీపవాసులు అబద్ధమాడారని అనవలసిన పనిలేదు. ఏదో విమానాన్ని చూసి ఉంటారు. ఆ విమానానికి ఎం.హెచ్.370 అని పేరు పెట్టింది ప్రపంచపు ఆత్రుత.

ఈ ఆత్రుతకు చదువు, హోదా అడ్డు రాలేదు. కౌలాలంపూర్ విమానాశ్రయంలో కొబ్బరికాయలు, వెదురు దుర్భిణి పట్టుకుని పూజ చేసిన మాంత్రికుడిని చూసి లోకం నవ్వింది. కొద్ది రోజుల తేడాతో అమెరికాలోని ప్రముఖ వార్తా చానల్లో కృష్ణబిలం విమానాన్ని మింగి ఉండవచ్చా అన్న ప్రశ్న నిపుణుల ముందుకు వచ్చింది. టామ్‌నాడ్ అనే వేదికలో సుమారు 80 లక్షల మంది ఉపగ్రహ చిత్రాలను జల్లెడ పట్టారు. వారికి దొరికింది ఏమీ లేదు. ఆ శ్రమను మాత్రం వదంతి అని పిలవలేం.

ఏప్రిల్ చివర బంగాళాఖాతం కూడా ఈ పటంలో చేరింది. బంగ్లాదేశ్ తీరానికి దక్షిణంగా సుమారు 190 కిలోమీటర్ల దూరంలో సముద్రగర్భాన విమానం ఆనవాళ్లు గుర్తించామని ఒక ఆస్ట్రేలియా సంస్థ ప్రకటించింది. నిపుణులు నమ్మకపోయినా బంగ్లాదేశ్ నౌకాదళం వెళ్లి వెతికింది. ఏమీ దొరకలేదు. విలువ లేని ఊహే అయినా దానికి ఒక గుణం ఉంది: ఫలానా చోట చూడండి అని చెప్పింది, చూశారు, తేలిపోయింది. డియెగో గార్సియా వాదం అలా తేలదు. ప్రతి ఖండననూ అది కుట్రలో భాగంగా జీర్ణం చేసుకుంటుంది. ఊహాగానాలను వర్గీకరించడానికి వింత, మామూలు అన్న కొలత కంటే ఈ కొలత మేలు.

మోగిన ఫోన్లు

బీజింగ్ లీడో హోటల్లో వార్త కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల్లో కొందరు తమవారి ఫోన్లకు చేస్తే మోగుతున్నాయని చెప్పారు. అవతలి ఫోన్ ఎక్కడుందో నెట్‌వర్క్ వెతుకుతున్నంతసేపు కూడా చేసినవారికి మోత వినిపించవచ్చని నిపుణులు వివరించారు. సాంకేతికంగా విషయం అక్కడితో ముగిసింది. చెవిన ఆ మోత విన్న తల్లికి ముగిసిందని ఎవరూ చెప్పలేరు.

తెలుగునాటకు ఇది దూరపు కథ కాదు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంపై అదృశ్యమైన వైమానిక దళపు ఏ.ఎన్.-32 విమానంలోని 29 మందిలో విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారానికి చెందిన పౌర ఉద్యోగులు 8 మంది ఉన్నారు. ఆ విమానంలోని ఒకరి ఫోన్ మోగుతోందన్న మాట అప్పుడూ వార్తల్లోకి వచ్చింది. 3,400 మీటర్ల లోతున శిథిలాలు కనిపించినట్లు ప్రకటన వెలువడింది 2024 జనవరిలో. ఏడేళ్లకు పైగా ఆ ఇళ్లలో ఆశకు, కర్మకాండకు నడుమ గడిచిన కాలాన్ని ఊహాగానం అన్న పేరుతో కొట్టివేయడం చరిత్రకారుడికి తగదు.

2014 మార్చి 24న విమానం దక్షిణ హిందూ మహాసముద్రంలో అంతమైందని నజీబ్ ప్రకటించారు. సంకేతాల పౌనఃపున్యంలో వచ్చిన మార్పులను, అంటే డాప్లర్ ప్రభావాన్ని, విశ్లేషించి ఇన్మార్‌శాట్ ఉత్తర చాపాన్ని కొట్టివేసింది. విమానంలోని వారెవరూ బతికి లేరన్న మాట కొన్ని కుటుంబాలకు ఇంగ్లీషులో, ఫోన్ సందేశంగా చేరింది. మర్నాడు చైనా కుటుంబాలు బీజింగ్‌లోని మలేసియా రాయబార కార్యాలయం ముందు నిరసనకు దిగాయి. వారు అడిగింది లెక్కలు చూపమని. చావును నిర్ధారించిన ఆ లెక్కల మూలదత్తాంశం మే 27న, అంటే రెండు నెలల తర్వాత వెలువడింది. వెలువడిన తర్వాత పలు దేశాల ఇంజినీర్లు స్వతంత్రంగా దానిని పరిశీలించి, దక్షిణ సముద్రమన్న నిర్ణయాన్ని బలపరిచారు. మార్చిలోనే ఇది జరిగి ఉంటే ఎన్ని వదంతులు పుట్టకుండా ఉండేవో ఊహించవచ్చు.

పూర్వోదాహరణ: స్టార్ డస్ట్

1947 ఆగస్టు 2న బ్యూనస్ ఐరిస్ నుంచి శాంటియాగో వెళ్తున్న బ్రిటిష్ విమానం ‘స్టార్ డస్ట్’ 11 మందితో అదృశ్యమైంది. దిగబోయే ముందు పంపిన మోర్స్ సందేశం చివర ‘స్టెండెక్’ అనే అర్థం కాని పదం ఉంది. ప్రయాణికుల్లో బ్రిటిష్ రాజు తరఫున పత్రాలు మోసుకెళ్లే దూత ఒకరు. ఇంకేముంది, గూఢచర్యం నుంచి గ్రహాంతరవాసుల వరకు అర్ధశతాబ్దం కథలు నడిచాయి. 1998లో ఆండీస్‌లోని టుపుంగాతో పర్వతం వద్ద హిమానీనదం కరిగి శిథిలాలు బయటపడ్డాయి. తీవ్రమైన ఎదురుగాలి వల్ల పర్వతాలు దాటామని పొరబడి, మేఘాల్లో దిగుతూ కొండను ఢీకొన్నారన్నది అందరూ ఒప్పుకున్న వివరణ. ‘స్టెండెక్’ అర్థం మాత్రం ఇప్పటికీ తేలలేదు. శిథిలం దొరికితే రహస్యమంతా వీడుతుందన్న ఆశకు ఇది చిన్న హెచ్చరిక.

తీరానికి కొట్టుకొచ్చిన రెక్కముక్క

2015 జూలై 29న హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపతీరంలో రెక్కకు చెందిన ఫ్లాపరాన్ అనే భాగం దొరికింది. ఊహాగానాలకు అది ముగింపు కావలసింది. ఆగస్టు మొదటి వారంలో అది ఎం.హెచ్.370దేనని నజీబ్ తిరుగులేకుండా ప్రకటించారు. అదే సమయంలో ఫ్రెంచి న్యాయాధికారి ‘బలమైన అవకాశం’ అని మాత్రమే అన్నారు. కిటికీ అద్దాలు, సీటు మెత్తలు కూడా దొరికాయని మలేసియా మంత్రి చెప్పగా, ఫ్రాన్సు కాదంది. సెప్టెంబరు 3న గాని ఫ్రెంచి ధ్రువీకరణ రాలేదు. దొరికిన ఏకైక వస్తువు విషయంలోనూ రెండు ప్రభుత్వాలు రెండు గొంతులతో మాట్లాడాయి. ఆ ముక్కను ఎవరో తెచ్చి పడేశారన్న కొత్త వాదానికి ఆ ఎడమే చోటిచ్చింది. తర్వాత మొజాంబిక్ తీరంలో మరో ముక్కను కనుగొన్న అమెరికా న్యాయవాదిపై కూడా అదే ఆరోపణ వచ్చింది. టాంజానియా, మారిషస్‌లలో దొరికిన రెక్క భాగాలు కూడా ఈ విమానానివేనని 2016లో నిర్ధారణ అయింది.

1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భాన్ని గాలించి 2017 జనవరి 17న అన్వేషణ నిలిపివేశారు. పాతకాలపు ఓడల శిథిలాలు కనిపించాయి, విమానం కనిపించలేదు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ సంస్థ, దొరికితేనే రుసుము అన్న షరతు మీద, దాదాపు అంతే విస్తీర్ణాన్ని వెతికింది. అదీ ఫలించలేదు.

2018 జూలై 30న మలేసియా దర్యాప్తు బృందం నివేదిక వెలువడింది. కారణం నిర్ధారించలేమని, మూడో వ్యక్తి జోక్యాన్ని తోసిపుచ్చలేమని అందులో ఉంది. కుట్రవాదులు రెండో వాక్యాన్ని తమ విజయంగా చెప్పుకున్నారు. నివేదికలో ఎక్కువమంది చదవని భాగం ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌పాండర్ ఆగిపోయాక మలేసియా, వియత్నాం నియంత్రణ కేంద్రాలు నిబంధనల ప్రకారం స్పందించలేదని, కౌలాలంపూర్‌లోని గాలింపు సమన్వయ కేంద్రం రంగంలోకి దిగేసరికి ఉదయం 5:30 అయిందని అది నమోదు చేసింది. ఆ నాలుగు గంటలు ఎవరు ఏం చేశారన్నది కుటుంబాలు మొదటి నుంచీ అడుగుతున్న ప్రశ్న. నివేదిక వెలువడిన మర్నాడు మలేసియా పౌర విమానయాన అధిపతి రాజీనామా చేశారు.