ధనుర్మాసంలో శంకరాభరణం

డిసెంబరు నెల సగం గడిచిందంటే మా చోడవరంలో తెల్లవారుజాము ఒకరిది, అర్ధరాత్రి ఇంకొకరిది. తెల్లవారుజామున నెత్తిన అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో హరిదాసు వచ్చేవాడు. రాత్రి పదకొండు దాటాక పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, డోలకూ కంజిరా వాయించుకుంటూ క్రిస్మస్ పాటలవాళ్ళు వచ్చేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో బెల్లం వండే రోజులవి. మంచుతోపాటు ఆ తియ్యటి వాసన కూడా వీధుల్లోకి దిగేది. "మనిషిని నిద్రపోనివ్వకపోవడంలో ఇద్దరిదీ ఒకటే మతం" అని మా నాన్న దుప్పటి ముసుగులోంచి విసుక్కునేవారు.

మా నాయనమ్మకి సంగీతం వచ్చు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు నేర్చుకున్నదే అయినా చెవి మాత్రం పోలేదు. ఒక రాత్రి వీధిలో పాట వినిపిస్తుంటే మంచంమీద లేచి కూర్చుని, "ఏవే, అది ముఖారి కాదూ?" అంది. నేను నిద్రమత్తులో "క్రిస్మస్ పాట నాయనమ్మా" అన్నాను. "అది నాకూ తెలుసు. రాగం అడుగుతున్నాను. వెళ్ళి కనుక్కురా" అంది. పాడుతున్నావిడ మా పక్క వీధిలో ఉండే పంతులమ్మగారు. వెళ్ళి అడిగితే నవ్వి, "ముఖారేనమ్మా. పుస్తకంలో పాట పైనే రాసుంటాది" అన్నారు.

ఆ పుస్తకం సంగతే ఇవాళ చెప్పాలనుకుంటున్నాను. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అని దాని పేరు. శాఖాభేదాలు ఎన్ని ఉన్నా తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో చాలాచోట్ల కనబడే పుస్తకమే. తెరిచి చూస్తే మనలాంటివాళ్ళకి ఆశ్చర్యం వేస్తుంది. పాట పాటకీ పైన రాగం, తాళం వేసి ఉంటాయి. శంకరాభరణం, ఆదితాళం. బిలహరి, ఆదితాళం. త్యాగరాజ కీర్తనల పుస్తకమో, అధ్యాత్మరామాయణ కీర్తనల పుస్తకమో తెరిచామా అనిపిస్తుంది. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ మనకి తెలిసిన వరసే. బాలయేసు పుట్టుక మీద పాటలూ ఇందులో ఉన్నాయి. పశువులపాక, గొల్లలు, తూర్పుదేశపు జ్ఞానులు, అందరూ ఆదితాళంలో నడిచి వస్తారు.

ఇదంతా ఎక్కడో మొదలైంది కాదు, మా విశాఖపట్నంలోనే. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అని ఇద్దరు దొరలు ఇక్కడికి వచ్చారు. పాపం, ఎక్కువకాలం బతకలేదు. ఒకాయన 1809లో, ఇంకొకాయన 1810లో పోయారు. ఆ కాస్త వ్యవధిలోనే ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో డెగ్రాంజెస్ మూడు సువార్తలు తెలుగు చేశాడు. అవి 1812లో శ్రీరాంపూర్ అచ్చుకూటంలో అచ్చయ్యాయి. వాటిలో లూకా రాసిన సువార్త ఒకటి. రాత్రిపూట మంద కాచుకుంటున్న గొల్లలకి దేవదూత కనబడడం, శిశువుని పశువుల తొట్టిలో పడుకోబెట్టడం, ఈ కథంతా ఉన్నది అందులోనే. పాటలు కట్టడానికి కావలసిన సరుకు తెలుగులో అప్పుడు చేతికందిందన్నమాట.

సరుకైతే వచ్చింది, మరి వరస? దొరలు తమ పాటలనే తెలుగు చేయించి తమ వరసల్లోనే పాడించబోయారు. అక్కడ వచ్చింది చిక్కు. మన మాటలు అచ్చుతో ముగిసి సాగుతాయి. ఇంగ్లీషు మాట హల్లుతో టక్కున ఆగుతుంది. ఏ అక్షరం నొక్కి పలకాలో దానికి కచ్చితమైన లెక్క. ఆ లెక్కకి కట్టిన స్వరాల్లో తెలుగు మాట ఇరికిస్తే దీర్ఘం ఉండవలసిన చోట హ్రస్వం, హ్రస్వం ఉండవలసిన చోట సాగదీత! పొరుగింటి పిల్ల జాకెట్టు తొడుక్కున్నట్టు, భుజాల దగ్గర బిగుతు, నడుం దగ్గర వదులు.

ఈ చిక్కు విప్పినవారిలో పెద్దపేరు పురుషోత్తమ చౌదరి గారిది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. (పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేది, 1936లో ఒరిస్సాలో కలిసింది.) వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం వారిది. సంస్కృతం, తెలుగు, ఒరియా చదువుకున్నారు. 1833లో కటకంలో బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో అది ఎంత మాటో వేరే చెప్పాలా? ఇల్లూ, బంధువులూ, పంక్తిభోజనం, అన్నీ ఒక్కరోజులో పరాయివైపోతాయి. ఆయన మాత్రం తన చెవిలో ఉన్న సంగీతాన్ని వదులుకోలేదు. వందకు పైగా కీర్తనలు రాశారు, రాగతాళాలతో సహా. 1890లో పోయేనాటికి ఎనభై దాటిన వయసు. జంధ్యం తీసేసిన మనిషి ముఖారిని ఎందుకు తీసేయలేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. తీసేస్తే పోయేది కాదేమో మరి!

ఇక ఆ తెల్లదొరల పాటల్ని చులకన చేశాననుకోకండి. వాటి అందం వాటిదే. అసలు ఆ పాటల్లో చాలావాటి స్వరాలు మన శంకరాభరణం స్వరాలే. 'జాయ్ టు ది వరల్డ్' అనే ప్రసిద్ధమైన పాట ఉంది కదా, దాని ఎత్తుగడ ఏమిటో చూడండి: స ని ద ప మ గ రి స! పైషడ్జం నుంచి కింది షడ్జం దాకా ఒక్క మెట్టు వదలకుండా అవరోహణ. సంగీతం నేర్చుకున్న పిల్లలుంటే ఇంట్లో పాడించి చూడండి, మీకే తెలుస్తుంది. ఐజాక్ వాట్స్ దాన్ని 1719లో అచ్చువేశాడు, దావీదు కీర్తనల్లో తొంభైఎనిమిదోది ఆధారంగా. అందులో పశువులపాకా లేదు, పసిబిడ్డా లేడు. అయినా లోకమంతా క్రిస్మస్‌కే పాడుకుంటుంది.

ఈ రాకపోకలు ఒకవైపే జరగలేదు. ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసు దగ్గర ఉన్నప్పుడు కోటలో ఇంగ్లీషు బ్యాండు విని, ఆ వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటిని నొట్టుస్వరాలంటారు. అన్నీ శంకరాభరణమే. ఇంగ్లీషు రాజుగారి స్తుతిగీతం వరసలో కూడా ఒక కృతి ఉంది! అంటే, దొరల వరసలో మన దేవతల్ని కొలిచిన దీక్షితులవారూ, మన వరసలో దొరల ద్వారా వచ్చిన దేవుణ్ణి కొలిచిన చౌదరిగారూ ఇంచుమించు ఒకే కాలంవాళ్ళు. దీక్షితులవారు 1835లో పోయారు, చౌదరిగారి బాప్తిస్మం అయిన రెండేళ్ళకి.

'సైలెంట్ నైట్' మాట చెప్పకపోతే ఎలా? మనవాళ్ళు 'శుద్ధరాత్రి' అంటారు. 1818 డిసెంబరు 24 రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్ళో మొదటిసారి పాడారు. మాటలు యోసెఫ్ మోర్ అనే ఫాదరీవి, స్వరం ఫ్రాన్జ్ గ్రూబర్ అనే బడిపంతులుది. వాద్యం ఒక గిటారు. ఎలకలు ఆర్గన్ కొరికేశాయి కాబట్టి గిటారు పట్టారని ఒక కథ చెబుతారు గాని, అది తరవాతివాళ్ళు అల్లిందే. ప ద ప గ, ప ద ప గ అంటూ మొదలయ్యే ఆ పాట వింటే నాకు ఏ తల్లో ఊయల ఊపుతున్నట్టే ఉంటుంది. పండితుల దర్బారు ఎరగని పాట, ఒక పల్లెటూరి పంతులు కట్టిన పాట, లోకమంతా తిరిగింది.

హాండెల్ 'మెస్సయ్య' సంగతి ఇంకో తమాషా. ఇప్పుడు క్రిస్మస్ రోజుల్లో పెద్ద బృందాలు తప్పకుండా పాడే ఈ రచన మొదట పాడింది 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్‌లో. అంటే ఎండాకాలం ముందు, ఈస్టరు దగ్గర! జనం కిక్కిరిసిపోతారని, ఆడవాళ్ళు దయచేసి పరికిణీల కింద కట్లు పెట్టుకురావద్దని, మగవాళ్ళు కత్తులు కట్టుకురావద్దని ముందే ప్రకటించారట. వచ్చిన డబ్బులో కొంత అప్పులపాలై జైల్లో ఉన్నవాళ్ళని విడిపించడానికి ఇచ్చారు. మన సభలవాళ్ళు పట్టుచీరల విషయంలో ఇలాంటి ప్రకటన ఏదైనా చేస్తే ఎంత గొడవవుతుందో ఊహించుకోండి!

ఆ బృందగానంలో నాకు నచ్చేది గొంతుల అమరిక. ఆడవాళ్ళలో హెచ్చు గొంతులు, తగ్గు గొంతులు, మగవాళ్ళలోనూ అంతే, నాలుగు దారులు. ఒకరు పాడింది ఇంకొకరు పాడరు, అయినా అన్నీ కలిసి ఒకటే పాట. మనకి ఈ పద్ధతి లేదు. మన బృందగానం అంటే అందరూ ఒకే తీగ పట్టుకుని నడవడమే. మన లోతు గమకంలో ఉంది, వాళ్ళ లోతు పొరల్లో ఉంది.

అసలు ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ఇప్పుడు పాత కీర్తనలకి కీబోర్డు పెట్టి, తీగకి తీగ జోడించి పాడుతున్నారు. కీబోర్డు మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏమీ ఉండదు. ముఖారికి ప్రాణమంతా ఆ మధ్యలోనే ఉందాయె! ఇదే కారణంగా ఆకాశవాణివారు 1940లో హార్మోనియాన్నే బయటపెట్టారు. పుస్తకంలో పాట పైన రాగం పేరు ఇంకా అచ్చవుతూనే ఉంది, గొంతులోంచి మాత్రం జారిపోతోంది. ఆ రాగాలు నోటికి వచ్చినవాళ్ళు ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి పాడించుకుంటున్నవాళ్ళు ఎందరున్నారో!

మతం ఎరగని చెవులకి ఈ పాట చేర్చడంలో సినిమాకీ వాటా ఉంది. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో సావిత్రి మేరీమాతని వేడుకునే పాట పి. లీల గొంతులో విని కరగని ఇల్లు ఉందా? రాసింది పింగళి నాగేంద్రరావు, స్వరం కట్టింది మా సాలూరు వైపు సాలూరి రాజేశ్వరరావు. శుక్రవారం లక్ష్మీపూజ చేసుకున్న నోళ్ళే ఆ పాట కూనిరాగం తీశాయి. సినిమా పాట గుమ్మం దాటి లోపలికి వచ్చేస్తుంది. దాన్ని ఎవరూ ఆపరు. పాడే మనుషులు వస్తే అలా కాదు.

మళ్ళీ మా నాయనమ్మ దగ్గరికి వస్తాను. హరిదాసుకి చేటలో బియ్యం తెచ్చి అక్షయపాత్రలో పోసేది. క్రిస్మస్ పాటలవాళ్ళకి పైనుంచి చేతిలో డబ్బులు పడేసేది. నాకు అప్పట్లో అది వింతగా తోచలేదు. ముఖారి కనిపెట్టిన మరుసటి ఏడు వాళ్ళు మా ఇంటి ముందు ఆగి, అడగకుండానే ఆ పాట అందుకున్నారు. నాయనమ్మ గుమ్మంలో నిలబడి వింది. అనుపల్లవి దగ్గర ఆగమని చెయ్యెత్తి, "అక్కడ అలా కాదు పంతులమ్మా, దైవతం దగ్గర కాస్త నిలబడాలి" అని, ఆ పంక్తి తనే పాడి చూపించింది, క్రీస్తు పేరుతో సహా. లోపల్నుంచి మా నాన్న గట్టిగా దగ్గారు. పంతులమ్మగారు అరుగుమీద కూర్చుని, అనుపల్లవి మళ్ళీ మొదట్నుంచి పాడారు. నాయనమ్మ చెప్పినట్టే పాడారు. పాట అయ్యాక మంచినీళ్ళడిగితే నాయనమ్మ తనే తెచ్చి, స్టీలు గ్లాసుతో చేతికిచ్చింది.

పొద్దున్న చూస్తే ఆ గ్లాసు పెరట్లో నూతి గట్టుమీద విడిగా బోర్లించి ఉంది.