వేయికి ఇరవై ఎనిమిది తక్కువ

ఒడుగులోనో పెళ్లిలోనో ప్రవర చెప్పేటప్పుడు ‘ఆపస్తంబ సూత్రం’ అనే మాట తెలుగునాట చాలా ఇళ్లలో వినపడుతుంది. పురోహితుడు చెప్పించినట్టు చెప్పి ఊరుకోవడమే తప్ప, ఆ ఆపస్తంబుడు ఏం చెప్పాడని అడిగేవాళ్లు తక్కువ. శ్రౌత, గృహ్య, ధర్మ సూత్రాలతో పాటు ఆయన పేరిట చిన్న గ్రంథం ఒకటుంది. దాని పేరు శుల్బసూత్రం. శుల్బమంటే తాడు. క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందటి ఈ పుస్తకం నిండా తాళ్లూ మేకులూ వెదుళ్లే.

సోమయాగానికి మహావేది కావాలి. తూర్పు అంచు 24 అడుగులు, పడమటి అంచు 30, నడిమి పొడవు 36. అడుగంటే ఇక్కడ పాదం కొలత. అంగలతో కొలుచుకున్నా తప్పులేదంటుంది సూత్రం. మరి మూలలు కుదిరేదెలా? 36 అడుగుల తాడుకు మరో 18 కలపాలి. మొత్తం 54. పడమటి కొస నుంచి 15 అడుగుల దగ్గర ఒక గుర్తు. 36 అడుగుల ఎడంతో పాతిన రెండు మేకులకు కొసలు కట్టి, గుర్తు దగ్గర పట్టుకుని దక్షిణానికి లాగితే, తాడు బిగిసిన చోటే నైరుతి మూల. ఉత్తరానికి లాగితే వాయవ్యం. కొసలు మార్చి కట్టి, అదే గుర్తు దగ్గర పట్టుకుని లాగి, 12 అడుగుల దగ్గర మేకు దిగేస్తే తూర్పు మూలలు కూడా తేలతాయి. 15, 36, 39 భుజాల త్రిభుజంలో లంబకోణం తప్పదు కదా.

వేది వైశాల్యం ‘వేయికి 28 తక్కువ’ అని చెప్పి, ఎలాగో కూడా చూపిస్తాడు ఆపస్తంబుడు. దక్షిణం వైపు త్రిభుజాన్ని కోసి, తిరగేసి ఉత్తరం వైపు అతికిస్తే 27కు 36 దీర్ఘచతురస్రం. అంటే 972. మంత్రం కాదు, నిరూపణ!

ఆయనకంటే ముందువాడైన బోధాయనుడి కొలతలు మరీ చిన్నవి. 34 నువ్వుగింజలను పక్కపక్కన ఆనించి పేరిస్తే ఒక అంగుళం. 120 అంగుళాలు ఒక పురుష ప్రమాణం, అంటే చేతులు పైకెత్తి నిలబడిన యజమాని ఎత్తు. ఇటుకలతో చితి పేర్చే అగ్నిచయన యాగంలో రెక్కలు చాచిన డేగ ఆకారపు చితికి ఏడున్నర చదరపు పురుషల వైశాల్యం ఉండాలి. వరుసకు 200 చొప్పున అయిదు వరుసల ఇటుకలు. కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు పడకూడదు. ఏ తాపీమేస్త్రీనడిగినా ఇదే మాట చెబుతాడు.

1875లో జార్జ్ థీబో వ్యాసంతో పాశ్చాత్య పండితుల చూపు ఈ శుల్బసూత్రాల మీద పడింది. సరిగ్గా నూరేళ్లకు, 1975 ఏప్రిల్‌లో, కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రి బ్రాహ్మణులు పన్నెండు రోజుల అగ్నిచయనం చేశారు. పరిశోధకుడు ఫ్రిట్స్ స్టాల్ బృందం దాన్ని చిత్రీకరించింది. శాస్త్రం మేకలను బలి ఇవ్వమంటుంది. నిరసనలు రావడంతో అరటాకుల్లో చుట్టిన బియ్యప్పిండి ముద్దలతో సరిపెట్టారు. కొలతల్లో మాత్రం రాజీ లేదు. చివరి రోజున యాగశాలకు నిప్పు పెట్టారు.

ఇల్లు కట్టే ఆలోచన ఉంటే, పునాదికి ముగ్గు పోసే రోజున 54 అడుగుల తాడొకటి మేస్త్రీ చేతికిచ్చి చూడండి. మూలమట్టంతో పని పడదు.